బియ్యం బూజూ, గుండె మాత్రా

1974వ సంవత్సరం తెలుగు సినిమాకి గుండెనొప్పి వచ్చిన సంవత్సరం. ఫిబ్రవరి 11న మద్రాసు ఆసుపత్రిలో ఘంటసాల వెళ్ళిపోయారు. అప్పటికి ఆయన వయసు 51. రెండేళ్ళ ముందు, 1972లో, హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతూండగానే ఆయనకి గుండెనొప్పి వచ్చింది. జులై 18న ఎస్వీ రంగారావుగారు. ఘటోత్కచుడిగా గదలాంటి చేతులతో మాయాబజారంతా కలియదిరిగిన మనిషి, 56 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. ఆ ఏడాదే అక్కినేని నాగేశ్వరరావుగారు గుండె ఆపరేషను కోసం అమెరికా వెళ్ళారు. నేనప్పుడు తెనాల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. "గుండె కోసి మళ్ళీ కుడతారటే!" అని మా అమ్మమ్మ చెవులు మూసుకుంది. మా వీధిలో ఆడవాళ్ళు ఆంజనేయస్వామికి ఆకుపూజలు మొక్కుకున్నారు. దేవదాసు బతికి రావాలి గదా మరి!

బతికి వచ్చాడు. రావడమే కాదు, 1976 సంక్రాంతి రోజుల్లో, జనవరి 14న, బంజారాహిల్స్ రాళ్ళగుట్టల మీద 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియో తలుపులు తెరిపించాడు. రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ వచ్చి ప్రారంభించారు. ఇప్పుడు చెక్‌పోస్టు దగ్గర కారు ఆగితే అరగంట కదలదు గాని, అప్పుడక్కడ బండరాళ్ళూ ముళ్ళకంపలూ తప్ప మరేం లేవు. "ఈ కొండల్లో సినిమాలు ఎవడు తీస్తాడండీ?" అన్నవాళ్ళు కోకొల్లలు. చరిత్రలో కొన్ని సంగతులు ఎవరూ కల్పించకుండానే కథల్లా ఉంటాయి చూడండి: గుండె ఆపరేషను చేయించుకున్నాయన 1981లో "ప్రేమాభిషేకం" తీసి, ఆ తరవాతా దశాబ్దాల పాటు నటించి, 2014 జనవరి 22 దాకా ఉన్నారు. చివరికి ఆయన్ని తీసుకుపోయింది క్యాన్సరు, గుండె కాదు. రిబ్బను కత్తిరించిన రాష్ట్రపతిగారేమో మరుసటి ఏడు, 1977 ఫిబ్రవరి 11న, గుండెపోటుతోనే పోయారు.

మా నాన్నగారు పోయింది 1979లో. 48 ఏళ్ళు. రాత్రి భోజనమయ్యాక ఛాతీ పట్టేసినట్టుందంటే ఇంట్లో అందరూ వాయువనుకున్నారు. వాము నమిలించారు, సోడా తాగించారు. తెల్లవారేసరికి అంతా అయిపోయింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో కొలెస్ట్రాల్ అన్న మాట విన్నవాళ్ళు లేరు. విని మాత్రం చేసేదేముంది? రక్తంలో అది ఎక్కువుందని తెలిసినా, నెయ్యి మానండి, గుడ్డు మానండి అనడం తప్ప గట్టిగా తగ్గించే మందు ప్రపంచంలో ఎక్కడా కొట్లో దొరికేది కాదు.

దొరికేది కాదు గాని, పుట్టడమైతే పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎక్కడనుకున్నారు? బూజు పట్టిన బియ్యంలో!

జపానులో అకితా అనే చోట 1933లో ఒక రైతుకుటుంబంలో అకిరా ఎండో అనే పిల్లాడు పుట్టాడు. పుట్టగొడుగులన్నా బూజులన్నా చిన్నప్పటి నుంచీ మహా ఇష్టం. మన పిల్లలు సినిమా హీరోల బొమ్మలు దాచుకునే వయసులో ఆ అబ్బాయికి హీరో పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్. పెద్దయ్యాక టోక్యోలో సాంక్యో అనే మందుల కంపెనీలో చేరాడు. మధ్యలో 1966 నుంచి రెండేళ్ళు న్యూయార్కులో పరిశోధన చేశాడు. అక్కడ వీధుల్లో లావుపాటి మనుషుల్నీ, గుండెపోటు వచ్చినవాళ్ళని తీసుకుపోయే అంబులెన్సుల్నీ చూసి ఆశ్చర్యపోయాడట. ఇంటికి తిరిగొచ్చి, మన ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం ఏ బూజులోనైనా ఉంటుందేమో చూద్దామని 1971లో మొదలెట్టాడు. ఒకటీ రెండూ కాదు, ఆరు వేల రకాల బూజులు పరీక్షించాడు. మనం ఆవకాయ జాడీలో ఒక్క బూజు చుక్క కనబడితే జాడీని పెరట్లో పారేస్తాం. ఆ మహానుభావుడు రెండేళ్ళ పాటు బూజుల్ని బిడ్డల్లా పెంచాడు. చివరికి 1973లో, క్యోటో నగరంలో ఒక ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యం మీది నీలిబూజులో కావలసింది దొరికింది. దానికి కాంపాక్టిన్ అని పేరు.

తీరా ఎలుకలకి పెడితే వాటి కొలెస్ట్రాల్ రవ్వంత కూడా తగ్గలేదు! ఘంటసాలా, రంగారావుగారూ పోయిన ఆ 1974లోనే ఈ మందు కథ కూడా దాదాపు ముగిసిపోయింది. ఇంకొకరైతే వదిలేసేవాళ్ళు. ఎండోకి కోళ్ళ మీద ప్రయోగాలు చేసే స్నేహితుడొకాయన ఉన్నాడు. గుడ్డు పెట్టే కోడి ఒంట్లో కొలెస్ట్రాల్ దండిగా ఉంటుంది గదా, గుడ్డులో ఉన్నదంతా అదేగా, మీ పనయిపోయిన కోళ్ళుంటే నాకివ్వండి అని అడిగాడు. 1976లో ఆ కోళ్ళకి మందు పెడితే కొలెస్ట్రాల్ దాదాపు సగానికి దిగింది. శాస్త్రజ్ఞులు ఏమన్నా అనుకోనీండి, నా మటుకు నాకు ఈ చరిత్రలో అసలు హీరోయిన్లు ఆ పెట్టలే.

మనుషుల్లో మొట్టమొదట ఈ మందు మింగింది కూడా ఆడపిల్లే. 1978లో ఒసాకా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా కొలెస్ట్రాల్ జబ్బు సంక్రమించి, మామూలుగా 200 లోపు ఉండవలసింది వెయ్యి దాకా ఉండేది. మందు వేస్తే ముప్ఫై శాతం తగ్గింది. కాని కొద్ది రోజుల్లోనే కండరాలు నీరసించి నొప్పులు మొదలయ్యాయి. డాక్టరుగారు ఆపేశారు. ఆ పిల్ల తేరుకున్నాక మోతాదు తగ్గించి మళ్ళీ మొదలెట్టారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. స్టాటిన్ వేసుకుంటే కాళ్ళు లాగుతాయన్న మాట ఇవాళ మన పార్కుల్లో పుట్టింది కాదు. మొదటి రోగితోనే పుట్టింది.

కాంపాక్టిన్ మాత్రం బజారుకి రానేలేదు. కుక్కల మీద పరీక్షల్లో ఏవో అనుమానాలు వచ్చి 1980లో కంపెనీవాళ్ళు మూట కట్టేశారు. ఈలోపల అమెరికాలో మెర్క్ కంపెనీ మరో బూజులోంచి దాని చెల్లెలిలాంటి లోవాస్టాటిన్ తీసింది. 1987 సెప్టెంబరులో దానికి అనుమతి వచ్చింది. ఎండోగారు అప్పటికే ఉద్యోగం మానేసి పాఠాలు చెప్పుకుంటున్నారు. కోట్ల కోట్ల డాలర్ల వ్యాపారం జరిగింది గాని ఆయనకి అందులో దక్కింది గౌరవమే. నోబెల్ కూడా రాలేదు. అది 1985లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లకి వచ్చింది. ఎండోగారు 2024 జూన్‌లో 90 ఏళ్ళు నిండి పోయారు. ఆ వార్త మన పేపర్లలో ఏ మూల పడిందో గాని, హైదరాబాదులో సగం ఇళ్ళ మందుల డబ్బాల్లో ఆయన పుణ్యం ఉంది.

ఆ అమెరికన్ డాక్టర్లు కనిపెట్టిందేమిటో వంటింటి భాషలో చెప్తాను. మన ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు తిండి నుంచి రాదు, కాలేయమే తయారుచేసుకుంటుంది. రోజూ ఇంట్లో పెరుగు తోడుపెట్టుకునే ఇల్లాలు వీధిలో పెరుగమ్మాయి అరిచినా తలుపు తియ్యదు. తోడుపెట్టడం మానేస్తేనో? తలుపు తీసి, గిన్నె పట్టుకుని, "ఇటు రావమ్మా" అని పిలుస్తుంది. స్టాటిన్ మాత్ర చేసేది తోడుపెట్టనివ్వకపోవడమే. అప్పుడు కాలేయం ఇంకా నాలుగు తలుపులు తెరిచి, రక్తంలో తిరుగుతున్న ఎల్.డి.ఎల్. అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ని లోపలికి లాక్కుంటుంది. వీధి ఖాళీ అవుతుంది. రక్తనాళం అనే వీధన్నమాట. నూనె డబ్బాల మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాస్తారే, దానికి మురిసిపోకండి. గింజల నూనెలో కొలెస్ట్రాల్ ఎప్పుడూ లేదు. పాలల్లో చేపముల్లు లేదని రాసినట్టుంటుంది.

ఇక మన కొండల మీదికి వద్దాం. 1988లో జూబిలీహిల్స్‌లో, ఫిలింనగర్‌ని ఆనుకుని అపోలో ఆసుపత్రి వచ్చింది. చిత్తూరు జిల్లా అరగొండకి చెందిన ప్రతాప్ సి. రెడ్డిగారు 1983లో మద్రాసులో మొదటిది పెట్టి, అయిదేళ్ళకి ఇక్కడ పెట్టారు. సినిమావాళ్ళు కూడా మద్రాసు నుంచి ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుని ఇటే వస్తున్న రోజులవి. మా వారు ప్రొడక్షన్ మేనేజరు. మేం వడపళని నుంచి 1991లో వచ్చాం. అప్పట్లో ఆయన దినచర్య చెప్తే ఏ గుండె డాక్టరైనా మూర్ఛపోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను, సెట్టులో ఇరవై టీలు, ముప్ఫై సిగరెట్లు, మధ్యాహ్నం మూడింటికి ప్రొడక్షన్ భోజనం, రాత్రి కాల్షీటయితే ఒంటిగంటకి బిర్యానీ. కృష్ణానగర్ గదుల్లో ఉండే లైట్‌బాయ్‌ల దగ్గర్నుంచి కొండ మీది బంగళాల దాకా అందరిదీ అదే వరస. 1996 జనవరి 18న బంజారాహిల్స్ ఇంట్లో ఎన్టీ రామారావుగారు గుండెపోటుతో పోయిన రోజు షూటింగులన్నీ ఆగిపోయి మా వారు పొద్దున్నే ఇంటికొచ్చేశారు. వచ్చి, వరండాలో కూచుని, జేబులో సిగరెట్ పెట్టె తీసి చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు. మానడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది, అది వేరే కథ.

ఆ మధ్యలో మాత్రల ప్రపంచం మారిపోయింది. 1994లో ఉత్తర యూరపు దేశాల్లో 4,444 మంది గుండెరోగుల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. సిమ్వాస్టాటిన్ వేసుకున్నవాళ్ళలో, వేసుకోనివాళ్ళకంటే, అయిదేళ్ళలో చావులు ముప్ఫై శాతం తక్కువ. కొలెస్ట్రాల్ అంకె తగ్గడం కాదండీ, మనుషులు బతకడం! అంతమందిలో ఆడవాళ్ళు 827 మందే. గుండెపోటు మగవాళ్ళ సొత్తని డాక్టర్లు కూడా అనుకున్న కాలమది. మనకీ పనిచేస్తుందా అన్న సందేహం పూర్తిగా తీరడానికి 2015 దాకా పట్టింది. 27 పరిశోధనల్లోని 1,74,000 మందిని ఒకచోట చేర్చి లెక్కిస్తే, ఒకే రకం ముప్పు ఉన్న ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ లాభం ఒక్కలాగే ఉందని తేలింది.

తరవాత వచ్చారు ఇప్పటి ఇద్దరు అగ్రతారలు. అటోర్వాస్టాటిన్‌ని అమెరికాలో బ్రూస్ రాత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1985లో చేశాడు. బజారుకి 1997లో వచ్చింది. రోసువాస్టాటిన్ పుట్టిల్లు జపాను, షియోనోగి కంపెనీ. అమెరికాలో అనుమతి 2003లో. ఈ రెండూ బూజులోంచి తీసినవి కావు, ప్రయోగశాలలో కట్టినవి. కాని కట్టినవాళ్ళు చూసి రాసుకున్నది బూజు చెప్పిన పాఠాన్నే. మధ్యలో సెరివాస్టాటిన్ అని ఒకటి వచ్చి, కండరాలు కరిగి మనుషులు చనిపోతే 2001లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. స్టాటిన్ అంటే జనానికి ఇప్పటికీ ఉన్న భయంలో కొంత దాని పుణ్యమే.

అమెరికాలో అటోర్వాస్టాటిన్ పేటెంటు 2011 నవంబరు దాకా గట్టిగా నిలిచింది. మన దేశంలో మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మామూలు గుమాస్తా కూడా కొనుక్కోగలిగాడు. ఎందుకంటే 1970లో చేసిన పేటెంటు చట్టం మందుకి కాదు, మందు చేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది. వేరే పద్ధతిలో చేసుకోగలిగినవాడు చేసుకోవచ్చు. చేసుకోగలిగినవాళ్ళు హైదరాబాదులో పుట్టారు. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డిగారు, బాలానగర్ ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకుని, 1984లో సొంత కంపెనీ పెట్టారు. 2006లో సిమ్వాస్టాటిన్ పేటెంటు అయిపోయినప్పుడు, అసలు యజమాని మెర్క్‌తో ఒప్పందం మీద అమెరికాలో చవక రకం అమ్మింది ఈ హైదరాబాదు కంపెనీయే. ఆ చట్టం 2005లో మారిపోయింది గాని, అప్పటికే మన పని అయిపోయింది. మా నాన్నగారికి అందనిది మా వారికి నెలకి కొద్ది వందల్లో ఎలా అందిందో వెతుక్కుంటూ పోతే దారిలో ఇవన్నీ తగులుతాయి.

ఇప్పుడు అసలు తగువు. కె.బి.ఆర్. పార్కులో పొద్దున్న నడిచేవాళ్ళని వినండి. ఒకప్పుడు "మీ అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?" అనేవాళ్ళు, ఇప్పుడు "మీది అటోర్వానా, రోసువానా?" అంటున్నారు. మా ఇంట్లో ఈ తగువు మా వదిన తెచ్చింది. మా వారికి అక్కగారు, రిటైరయిన టీచరు, ఫిలింనగర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. మూడేళ్ళ కిందట స్టెంటు పడింది. ఆవిడది రోసువాస్టాటిన్ 20. మా వారిది అటోర్వాస్టాటిన్ 20. ఒకరోజు దైవసన్నిధానం గుడి నుంచి వస్తూ మా ఇంట్లో కూలబడి, "నాకు పిక్కలు లాగేస్తున్నాయే. ఆ మాత్ర నాలుగు నెల్లనుంచీ మానేశాను" అంది. నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. స్టెంటున్న మనిషి!

"మా తమ్ముడిదీ ఇరవయ్యే, నాదీ ఇరవయ్యే. వాడికి లేని నొప్పులు నాకెందుకూ? ఆ మాత్రే నాకూ ఇప్పించు" అని ఆవిడ వాదన. "ఇరవైకి ఇరవై సమానమేగా అక్కా" అని మా వారు కూడా తలూపారు.

సమానం కాదండీ. బజ్జీ మిరపకాయలు ఇరవై తిన్నా తట్టుకుంటాం, గుంటూరు మిరపకాయలు ఇరవై తింటే ఆసుపత్రే. 2003లో 2,400 మంది పైచిలుకు మీద నాలుగు స్టాటిన్‌లనీ ఆరు వారాలు పక్కపక్కన పెట్టి చూశారు. అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు ఎల్.డి.ఎల్.ని సుమారు 43 శాతం తగ్గించింది. రోసువాస్టాటిన్ పదే 46 శాతం తగ్గించింది. ఇరవై అయితే 52. అంటే మా వదిన మాత్ర మా వారి మాత్రకి నాలుగింతల మోతాదుకి సాటి, అటోర్వా 80 అన్నమాట. పైగా మోతాదు రెట్టిస్తే ఫలితం రెట్టింపవదు, ఆరు శాతం చొప్పునే పెరుగుతుంది. అదొక విచిత్రం.

అయితే రోసువాయే గొప్పదా? అంకె తగ్గించడంలో గొప్పదే. రక్తనాళం అంకెలు చదువుకోదు గదా! 2011లో 1,039 మంది గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి, లోపలి పూడిక ఎంత తగ్గిందో రెండేళ్ళ తేడాలో కొలిచారు. ఒక పక్క అటోర్వా 80, మరో పక్క రోసువా 40, రెండూ పై మెట్టు మోతాదులు. పూడిక తగ్గుదల రెండిట్లోనూ ఒక శాతం చుట్టుపక్కలే. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ తరవాత కొరియాలో పన్నెండు ఆసుపత్రుల్లో 4,400 మంది గుండెరోగుల్ని మూడేళ్ళు గమనించి 2023లో ఫలితం చెప్పారు. చావూ, గుండెపోటూ, పక్షవాతం, మళ్ళీ స్టెంటో బైపాసో పడటం, ఈ నాలుగూ కలిపి రోసువాలో 8.7 శాతం, అటోర్వాలో 8.2 శాతం. అంటే సమానమే. కాని మందు వాడవలసినంత షుగరు కొత్తగా వచ్చినవాళ్ళు రోసువాలో 7.2 శాతం, అటోర్వాలో 5.3. కంట్లో శుక్లాల ఆపరేషను 2.5, 1.5. ఎల్.డి.ఎల్. మాత్రం రోసువాలో ఇంకాస్త కిందికి దిగింది. ఒకచేత్తో ఇచ్చి ఒకచేత్తో పుచ్చుకోవడం అంటే ఇదే కాబోలు.

ఇంకోటుంది. ఇలాంటి పరిశోధనలు చాలావరకు తెల్లవాళ్ళ మీద చేసినవి. 2005లో సింగపూరులో చూస్తే, ఒకే మోతాదు రోసువా వేసుకున్నా తెల్లవాళ్ళకంటే అక్కడి భారతీయుల రక్తంలో మందు 1.6 రెట్లు ఉంది. చైనావాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆసియావాళ్ళకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండని అమెరికా ప్రభుత్వం ఆ ఏడే చీటీ మీద రాయించింది. అటోర్వాకి వేరే పేచీలున్నాయి. అది కాలేయం గుండా పోతుంది కాబట్టి కొన్ని యాంటీబయాటిక్‌లతో పడదు, గ్రేప్‌ఫ్రూట్ రసం బాగా తాగితే రక్తంలో పేరుకుంటుంది. రోసువాకి మూత్రపిండాలు మరీ దెబ్బతిన్నవాళ్ళలో మోతాదు హద్దుంది, అటోర్వాకి ఆ బెంగ లేదు. పిల్లల్ని కనే వయసు ఆడపిల్లలకి మాత్రం ఏదైనా ఒకటే మాట: గర్భం అనుకున్నప్పుడే డాక్టరుకి చెప్పాలి, చాలామందికి ఆపేస్తారు.

ఇదంతా నేను చెప్తే మా వదిన వింటుందా? నలభయ్యేళ్ళు పిల్లల చేత గుంజీళ్ళు తీయించిన మనిషి. బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ముప్ఫై అయిదేళ్ళ పిల్ల. ముందు రక్తపరీక్ష రాసింది. ఎల్.డి.ఎల్. 148. స్టెంటు పడ్డవాళ్ళకి 55 లోపు ఉండాలిట. మా వదిన ముఖం పాలిపోయింది. ఆ పిల్ల కోప్పడలేదు. కండరాల నొప్పికి చేసే పరీక్షా, థైరాయిడూ, డి విటమినూ, క్రియాటినైనూ చూసి, "అమ్మా, మీ నొప్పి నిజమే. మాత్ర వల్లే అవునో కాదో చూద్దాం" అంది. లండనులో 2020లో చేసిన ఓ ప్రయోగం చెప్పింది. స్టాటిన్ పడటం లేదని మానేసిన 60 మందికి పన్నెండు సీసాలిచ్చారు: నాలుగింట్లో అటోర్వా 20, నాలుగింట్లో ఉత్త మాత్రలు, నాలుగు ఖాళీ. నెలకో సీసా. ఏది మందో ఏది ఉత్తదో తెలీదు. ఖాళీ సీసా నెలల్లో బాధ తక్కువ. మాత్ర వేసుకున్న నెలల్లో బాధ ఎక్కువ, కాని అందులో పదింట తొమ్మిదొంతులు ఉత్త మాత్రతోనూ వచ్చింది! "అంటే నేను నటిస్తున్నాననా?" అని మా వదిన లేచింది. "అబ్బే, నొప్పి నిజమేనమ్మా. మాత్ర మింగుతున్నానన్న భయం నుంచి కూడా నిజం నొప్పే పుడుతుంది. ఆ మిగిలిన పదోవంతులో మీరుండొచ్చు కూడా" అంది డాక్టరమ్మ. నాకు ఒసాకా అమ్మాయి గుర్తొచ్చింది. ఆమెకీ అంతే, ఆపి, తగ్గించి, మళ్ళీ మొదలెట్టారు.

థైరాయిడ్ కొంచెం తక్కువుంది. దాని వల్లా కండరాలు లాగుతాయి, కొలెస్ట్రాలూ పెరుగుతుంది. ముందు దానికి మాత్ర వేసి, ఆరు వారాలాగి, స్టాటిన్ మార్చి అటోర్వా 40 ఇచ్చింది. క్రియాటినైన్ కొద్దిగా పెరిగిందని ఒక కారణం, కొత్త పేరైతే పాత భయం పోతుందని రెండోది. రెండోది ఆ పిల్ల నాతో విడిగా చెప్పింది. "రోసువాతో షుగరొస్తుందట గదా, అందుకే మార్చావా?" అని మా వదిన అడిగితే, "ఇరవయ్యేళ్ళ నుంచీ ఉన్న షుగరు మళ్ళీ కొత్తగా ఎక్కడొస్తుందమ్మా?" అని ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడు నెలలకి ఎల్.డి.ఎల్. 76. పిక్కలు లాగుతున్నాయా అంటే, "మెట్లెక్కితే లాగుతాయి. డెబ్భై ఏళ్ళకి లాగకేం చేస్తాయి?" అంటోంది. 76 చాలదని డాక్టరమ్మ ఎజెటిమైబ్ అని మరో మాత్ర జోడించింది. అది పేగుల దగ్గర కాపలా కాస్తుందిట. మా వదిన కొత్త పేచీ ఇప్పుడు వేళ గురించి. పూర్వం సిమ్వాస్టాటిన్ రాత్రే వేసుకోమనేవాళ్ళు, కాలేయం కొలెస్ట్రాల్ చేసుకునేది ఎక్కువగా రాత్రిళ్ళు, ఆ మందేమో ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. అటోర్వా, రోసువా రెండూ చాలా గంటలు నిలుస్తాయి కాబట్టి ఎప్పుడు వేసుకున్నా ఒకటే. ఆ మాట చెప్తే, "ఎప్పుడైనా ఒకటే అన్నది ఎప్పుడూ మర్చిపోతాం" అని, రాత్రి సీరియల్ మొదలయ్యే పాట రాగానే వేసుకుంటోంది. మా వారు కూడా ఆ పాట విని తన డబ్బా వెతుక్కుంటున్నారు.